పలక మీద బోర్లా

ఆషాఢ బహుళ చవితి. పడమటి గాలి. అల చిన్నది.

ఈ రోజు నుంచి మా తెప్పల్లో ఎనిమిదో వరస దినచర్య నేను రాయాలి. గాలి, అల, వరసలో ఎవరు ఎలా ఉన్నారు, ఈ మూడూ రాస్తే చాలన్నారు. ఇన్నాళ్ళూ మా ఆయన రాసేవారు. వైశాఖం తుపానులో పెద్ద పగ్గం తెగి కొట్టినప్పుడు ఆయన ఎడమకాలు మోకాలి పైదాకా పోయింది. అప్పట్నుంచి కలం ముట్టలేదు. వరసలో చదువొచ్చిన ఇంకో మనిషిని నేనే. ఒడ్డు మీద అయిదో తరగతి దాకా చదివాను.

"నాకు రాదు తాతా," అన్నాను దానయ్య తాతతో. మా వరసని నడిపించే పగ్గం పెద్ద ఆయనే.

"నోటితో ఎలాగూ మాటాడవు గదా. సేత్తోనైనా మాటాడు," అని పుస్తకం నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు.

రాత్రి తేమ పట్టిన మబ్బు గుడ్డలు పిండి మంచినీళ్ళు పట్టాను. నాచు తాళ్ళు తిరగేశాను. అప్పుడు ఆసుపత్రి పడవ వచ్చింది, ఆయనకి తొడగడానికి మరకాలు తెచ్చింది.

దాన్ని చూసి సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. అది అరువు కాలు. పడవ మళ్ళీ ఆశ్వయుజంలో, రెండో విడత తుపానులు మొదలయ్యే ముందు వస్తుంది. అప్పటికి దానిమీద నిలబడగలిగితే ఆయనదే. లేకపోతే ఎదురుచూస్తున్న మరొకరికి ఇచ్చేస్తారు, ఆయన్ని అదే పడవలో ఒడ్డుకి తీసుకుపోతారు. తుపాను పట్టినప్పుడు తెప్పలు ఒకదానికొకటి కొట్టుకోకుండా పెద్దవాళ్ళందరూ నిలబడి పగ్గం పట్టాలి. నిలబడలేనివాళ్ళు తెప్పల మీద ఉండకూడదు. వెంట భార్యనీ పంపరు, ఇక్కడ పట్టే చేతులు తగ్గుతాయని. ఒడ్డు మీద శిబిరానికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు. చచ్చిపోయి కాదు. అక్కడ నేల కదలదు, తేలిక పని ఇస్తారు, అలవాటైపోతుంది. అందుకని ఉండిపోతారు.

మా పెళ్ళి ఫాల్గుణంలో అయింది.

పడవలో రెబ్కా అక్క అని కసరత్తు నేర్పే ఆవిడ ఉంది. మా అత్త కాసులమ్మ "మొండికాలు" అంటే, "మిగిలిన కాలు అనండి పిన్నీ. పోయినదాంతో మనకి పని లేదు," అంది. మర తిరుగుతుంది గానీ బరువు మోసేది ఆయన పొట్ట, నడుం, తుంటి అంది. కూర్చుని చేసేవి చూపించింది. పడుకుని చేసేవి మొదలుపెట్టబోతుంటే దక్షిణం నుంచి పొంగు వచ్చింది. పడవవాళ్ళు తాడు విప్పేశారు. "మిగతావి రేడియోలో అడుగు చెల్లీ!" అని అరుస్తూనే దూరమైపోయింది.

నేను తల ఊపాను. రేడియోలో మాట్లాడితే అన్ని వరసలవాళ్ళూ వింటారు.

ఆషాఢ బహుళ ద్వాదశి. గాలి లేదు. నీరు పచ్చగా ఉంది.

నీటి తిత్తులతో మొదలుపెట్టాం. తిత్తిలో సగం నీళ్ళు పోసి ఆయన పడుకునే ఊయల పైకర్రకి తాడు వేశాను. లాగి దించడం. రెబ్కా అక్క చెప్పినట్టు రెండు చేతులూ సమానంగా. మొదట్లో కుడివైపే లాగేవారు. కాలు లేని వైపు మనిషి వంకర తిరిగిపోయేవాడు. నేను ఎడమ మోచెయ్యి కింద వేలు పెట్టి పైకెత్తేదాన్ని. అంతకంటే ఏమీ అనేదాన్ని కాదు.

"నోరు తెరిచి చెప్పొచ్చు గదా," అన్నారు.

"చెప్తే వింటారా మావా?"

"వేలు పెడితే విన్నాను గదా."

మరకాలు ఈ రోజు తొడిగాం. దానికి గొంతు ఉంది. పంతులమ్మలా మాట్లాడుతుంది. ఆయన నా భుజం పట్టుకుని లేవగానే, "తుంటి వంగి ఉంది. దయచేసి నిటారుగా నిలబడండి," అంది. మోకాలు బిగించేసుకుంది. ఆయన మళ్ళీ ఊయల్లో కూలబడ్డారు.

"నిలబడనేకే కదే నిన్ను తెచ్చుకున్నాం, ఎదవకానా!" అని అత్త దానిమీద గరిటె ఎత్తింది.

"తుంటి వంగి ఉంది," అంది కాలు.

"నీ తుంటే వంగింది!"

ఆయన నవ్వారు. వైశాఖం తర్వాత నవ్వడం ఇదే.

శ్రావణ శుద్ధ దశమి. నైరుతి గాలి. అల మధ్యరకం.

ఇప్పుడు తిత్తి నిండా నీళ్ళు పోస్తున్నాను. ఆయన భుజాలు పెరిగాయి. ఊయల పట్టుకుని చేతుల బలంతోనే దిగుతున్నారు, ఎక్కుతున్నారు. కుడికాలి మీద వంగి లేస్తున్నారు. దారంట పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

పక్క తెప్ప అప్పలకొండ వదిన కూడా వచ్చి కూర్చుంటోంది. ఆవిడకి ఎడమచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది, ఎప్పుడో చిన్నప్పుడు. "నాకు పట్టుకోడానికి వేళ్ళు లేవు గదా, మరి నేనేటి సెయ్యను?" అంది. నేను పాత చీర మడతపెట్టి మోచేతి కింద వెడల్పుగా చుట్టి, దానికి సాగుతాడు ముడేశాను. చర్మం కోయకుండా. లాగింది. రెండోసారి లాగింది. ఆ చేత్తో బరువన్నదే ఎరగదట ఇన్నేళ్ళూ. ఆ భుజం కిందికి జారి ఉండటం అందరం చూస్తూనే ఉన్నాం, అది ఆవిడ తీరే అనుకున్నాం.

"ఒలమ్మో, ఇక్కడ కూడా కండుందే!" అంది, చంక దగ్గర తడుముకుని.

అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. మరకాలు రోజూ అదే మాట అంటోంది. ఆయనకి బలం పెరిగినకొద్దీ మిగిలిన కాలు ఇంకా ముందుకే వంగి ఉంటోంది. కిందికి నొక్కితే రాదు. నేను నొక్కితే పళ్ళు కొరుక్కుంటారు.

"రేడియోలో అడుగు," అన్నారు. రేడియో స్తంభం పైన ఉంది, తాళ్ళ నిచ్చెన ఎక్కాలి. దినచర్య రాసేవాళ్ళే మాట్లాడాలని నియమం.

"రేపు అడుగుతాను," అన్నాను.

శ్రావణ బహుళ అష్టమి. నైరుతి గాలి. వాన.

అడగలేదు. నిచ్చెన సగం ఎక్కి దిగిపోయాను. పైన రెండో వరసవాళ్ళు చేపల సంగతి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మధ్యలోకి వెళ్ళి మా ఆయన తుంటి గురించి ఏమని మొదలుపెట్టను?

సాయంత్రం దానయ్య తాత వచ్చాడు. ఊయల పక్కన కూర్చున్నాడు. వెళ్ళేముందు, "ఒడ్డుమీద శిబిరం బాగానే ఉంటాదంట రా బావు. పంకాలున్నాయంట," అన్నాడు.

తాత వెళ్ళాక ఆయన తిత్తిలో నీళ్ళు పారబోసేయమన్నారు.

శ్రావణ బహుళ నవమి. వాన తగ్గింది.

పారబొయ్యలేదు. నిచ్చెన ఎక్కాను.

"ఎనిమిదో వరస," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను.

"రోగి పేరు?" అంది ఆసుపత్రి గొంతు.

పేరు అడుగుతారని నాకు తట్టనేలేదు.

"పేరు చెప్పాలమ్మా."

"మా ఇంటాయన," అన్నాను.

ఎక్కడో కిసుక్కుమన్నారు. "ఆ పేరుతో ఊరంతా ఉన్నార్లే!" అంది రెండో వరస గొంతు.

"సెప్పెయ్యే పోలేశ్వరీ, మేవెవ్వరం ఇనట్లేదు," అంది ఇంకొకావిడ. అంటే అందరూ వింటున్నారనే.

స్తంభం కిందికి చూశాను. వాన గుడ్డ కింద ఊయల. ఆయన అటు తిరిగి పడుకుని ఉన్నారు.

"ఎల్లాజీ," అన్నాను. గట్టిగానే వచ్చింది. కింద ఊయల కదిలింది. మూడో వరసలో ఎవడో ఈల వేశాడు.

రెబ్కా అక్క గొంతు వచ్చాక మిగతాదంతా ఎలా చెప్పానో నాకు తెలీదు. అక్క అడిగింది: "ఎలా పడుకుంటాడు?"

"ఊయల్లో."

"కూర్చునేది?"

"ఊయల్లోనే."

"తినేది?"

"మాకు అన్నీ ఊయల్లోనే అక్కా. నేల వల గదా, గాలి తిత్తుల మీద ఊగుతుంటుంది."

అక్క అంది: "ఇది నేను అడగాల్సిన మాట చెల్లీ. పడవ మీదే అడిగుంటే బాగుండేది. పూర్తి కాలైతే దాని బరువే తుంటిని సాపు చేస్తుంది. మిగిలిన కాలు పొట్టిది. రోజంతా వంగి ఉంటే ముందు కండ అలాగే బిగిసిపోతుంది. నువ్వు చేయించిందేదీ తప్పు కాదు. కానీ ముందు ఇది వదలాలి. గట్టిగా, చదునుగా ఉన్నదాని మీద బోర్లా పడుకోబెట్టు. రోజూ, ఓపిక ఉన్నంతసేపు. తల కుడివైపుకి. ఇంకా సమయం ఉంది. మీ దగ్గర చదునుగా ఏముంది?"

ఈసారి ఏ వరసలోనూ ఎవరూ నవ్వలేదు.

మా ఊళ్ళో చదునుగా ఉండేది ఒక్కటే. సాగనంపు పలక. మనిషి పోతే దానిమీద వెల్లకిలా పడుకోబెట్టి, పసుపు రాసి, నీళ్ళలోకి జారుస్తాం. అంత వెడల్పు చెక్క దొరకదు కాబట్టి వరసకి ఒకటే. వరస చివర నిలబెట్టి ఉంటుంది. పిల్లల బంతి దానికి తగిలితే బంతిని కడుగుతాం.

శ్రావణ బహుళ దశమి. దక్షిణ గాలి. అల చిన్నది.

అత్త పొద్దున్నుంచీ పొయ్యి వెలిగించలేదు. "నా కొడుకు బతికుండగానే పలకెక్కిస్తావే? నోట్లో మాట లేని పిల్లని నానే ఏరికోరి తెచ్చుకున్నాను. మాటాడి మాటాడి ఇదా మాటాడింది!"

దానయ్య తాతని అడిగాను. తాత గడ్డం గోక్కున్నాడు. "ఇవ్వకూడదని ఎక్కడా లేదు. అడిగినోడు లేడు, అంతే. ఇత్తాను. పడుకునే మడిసిని నువ్వు సూసుకో."

ఇద్దరం మోసుకొచ్చి వల మీద పరిచాం. చుట్టుపక్కల తెప్పల అంచులకి జనం చేరారు.

ఆయన ఊయల్లోంచి పలకని చూశారు, వాళ్ళమ్మని చూశారు. "వద్దు పోలీ," అన్నారు మెల్లగా. "అమ్మ తట్టుకోలేదు."

నేను కొంగు బిగించుకుని పలక మీద బోర్లా పడుకున్నాను.

అత్త కెవ్వుమంది. ఎవరో "అయ్యో అయ్యో" అన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. పలక చల్లగా, గట్టిగా ఉంది. పొట్ట, మోకాళ్ళు, కాలివేళ్ళు అన్నీ ఒకేసారి దానికి ఆనాయి. చిన్నప్పుడు ఒడ్డు వదిలాక నా ఒళ్ళు ఇంత సాపుగా ఎప్పుడూ లేదు. నేను ఇంత పొడుగని నాకు తెలియదు.

తర్వాత పక్కన వల కుంగింది. ఆయన చేతుల మీద దిగి పాక్కుంటూ వచ్చారు. "జరుగు," అన్నారు. జరిగాను. పలక ఇద్దరికి చాలదు, నా భుజం బయటికే ఉంది. ఆయన కుడిచెంప ఎత్తి, తల నావైపు తిప్పారు. కాలు దగ్గర నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సచ్చినోళ్ళు వెల్లకిలా ఉంటారు," అన్నారు అందరికీ వినపడేలా. "నేను బోర్లా ఉన్నాను. యముడొచ్చినా పోల్చుకోలేడు."

తెప్పల అంచున ముందు అప్పలకొండ వదిన నవ్వింది. తర్వాత మిగతావాళ్ళు. అత్త మాత్రం ఊయల్లోకి ఎక్కి ముసుగు పెట్టుకుంది.

భాద్రపద శుద్ధ సప్తమి. దక్షిణ గాలి. నాచు బాగా పెరిగింది.

రోజూ పలక. మొదట మిగిలిన కాలు కింద నా పిడికిలి దూరేది. ఇప్పుడు అరచెయ్యి కూడా దూరడం కష్టంగా ఉంది.

రెబ్కా అక్క రేడియోలో ఇంకా చెప్పింది. ఇప్పుడు నాకు నిచ్చెన అలవాటైంది, వరసలవాళ్ళు ఈలలు మానేశారు. మిగిలిన కాలికి పట్టీ కట్టి, సాగుతాడు ముందువైపు ముడేసి, వెనక్కి తొయ్యాలి. వెల్లకిలా తిరిగి, ఆ కాలి కింద చీర చుట్ట పెట్టి, దాన్ని నొక్కుతూ నడుం పైకెత్తాలి. చుట్ట కాలి చివరన పెట్టకూడదు, తొడ కింద పెట్టాలి. ఒకసారి చివరన పెట్టాను. చర్మం కందింది, ఒక రోజంతా ఆపేశాం.

దానయ్య తాతకి నడుం నొప్పి. ఎవరూ లేనప్పుడు వచ్చి పలక మీద వాలాడు. నేను చూశానని తెలిసి, "గట్టిగుందో లేదో సూత్తన్నాను," అన్నాడు.

అత్త నాతో మాట్లాడటం లేదు. పలక ఉన్నవైపు రావడం లేదు.

భాద్రపద బహుళ పాడ్యమి. గాలి లేదు.

మా వరస చివరి తెప్ప సింహాద్రమ్మ ముసలమ్మ పోయింది. నిద్రలోనే పోయింది. అత్తకి చిన్ననాటి నుంచి స్నేహం. పలక తీసుకెళ్ళారు. పసుపు రాసి, పాట పాడి, జార్చారు. తిరిగొచ్చిన పలకని మళ్ళీ వరస చివరే నిలబెట్టారు.

ఆయన రోజంతా ఊయల్లోనే ఉన్నారు. పలక మీద పసుపు ఇంకా తడిగా ఉంది.

భాద్రపద బహుళ తదియ. తూర్పు గాలి మొదలైంది.

పొద్దున్నే నీళ్ళ చప్పుడుకి లేచాను. అత్త పలకని ఉప్పునీళ్ళతో తోముతోంది. ఒక్కతే లాక్కొచ్చింది, ఎలా తెచ్చిందో. వల మీద పరిచి, చీరతో తుడిచి, ఊయల దగ్గరికి వచ్చింది.

"లెగు," అంది కొడుకుతో. "సింహాద్రి దీనిమీద పడుకుంది, లెగలేదు. నువ్వు పడుకుంటన్నావు, లెగుస్తన్నావు. రోజూ లెగిసి నాకు సూపించు."

ఆయన దిగారు. అత్త ఎండ పడకుండా పక్కనే నిలబడింది. నావైపు చూడకుండానే, "ఆ సుట్ట సరిగ్గా పెట్టు, జారిపోతంది," అంది.

ఆశ్వయుజ శుద్ధ పంచమి. తూర్పు గాలి. అల మధ్యరకం.

ఈ రోజు మరకాలు ఏమీ అనలేదు.

తొడిగాం. ఆయన లేచారు. అందరం దాని మాట కోసం ఎదురుచూశాం. మోకాలు బిగించుకోలేదు. అత్త వంగి దాని దగ్గర చెవి పెట్టింది. "సచ్చిందేటి?" అంది.

ఆయన నా భుజం మీంచి చెయ్యి తీసేశారు.

వల ఊగుతోంది, ఆయన దాంతోపాటు ఊగుతున్నారు. పడలేదు. ఒక అడుగు వేసి పడ్డారు. చేతుల మీద లేచారు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మళ్ళీ అడుగు వేశారు.

నేను మబ్బు గుడ్డలు పిండటానికి వెళ్ళిపోయాను. అక్కడ ఎవరూ లేరు, ఎంత ఏడ్చినా ఫరవాలేదు.

ఆశ్వయుజ బహుళ అష్టమి. తూర్పు గాలి. అల పెద్దది.

ఆసుపత్రి పడవ వచ్చింది. పరీక్ష పడవ మీదే. ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి.

ఆయన పడవ ఎక్కారు, కాలు పెట్టారు, తూలారు. పడవ నేల ఇనుము, మన బరువుకి కుంగదు. ఆయన నడుం కుంగే నేలకి అలవాటుపడింది. రెండడుగులు వేసి, నేల తిరిగి నెట్టినట్టయి, పడిపోయారు. మళ్ళీ లేచారు, మళ్ళీ పడ్డారు. పడవ సరంగు గడియారం చూసుకున్నాడు. "కాలు విప్పండి. సామాను సర్దుకోమనండి," అన్నాడు.

రెబ్కా అక్క కింది పెదవి కొరుక్కుంటోంది. దానయ్య తాత తల దించుకున్నాడు. అత్త నన్ను మోచేత్తో పొడిచింది.

"అక్కా," అన్నాను. అందరూ నావైపు తిరిగారు. "ఆయన పగ్గం పట్టాల్సింది ఈ పడవ మీద కాదు. మా వల మీద. అక్కడ చూడండి."

సరంగు ఏదో అనబోయాడు. రెబ్కా అక్క అప్పటికే చెప్పులు విప్పేస్తోంది. "రండి ఎల్లాజీ," అని మా తెప్ప మీదికి దిగింది. దిగీ దిగగానే వల మోకాలిదాకా కుంగి, పైకి నెట్టి, పక్కకి ఊగింది. అక్క చేతులు రెండూ గాల్లోకి లేచాయి. పడబోయి దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంది. అది మా ఆయన భుజం.

ఆయన వెనక నుంచి దిగి నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి పగ్గం మీద, ఒక చెయ్యి అక్క నడుం దగ్గర తగలకుండా అడ్డంగా. అల వచ్చింది, పోయింది. ఇద్దరి బరువూ ఆ కాలి మీదికి వచ్చింది, పోయింది.

"నన్ను వదలకండి," అంది అక్క.

"వదలనండి," అన్నారు ఆయన. "మెల్లగా. మోకాళ్ళు వదులుగా పెట్టండి. నేను నేర్పిస్తాను."

అత్త పైటచెంగు నోట్లో కుక్కుకుంది. దానయ్య తాత సరంగు వైపు తిరిగి, "మరి రాసుకోండి బాబూ. ఎవర్ని ఎవరు నిలబెట్టారో కూడా రాసుకోండి," అన్నాడు. సరంగు నవ్వకుండా ఉండటానికి సముద్రం వైపు తిరిగాడు.

పడవ ఆ మరకాలు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు రెబ్కా అక్క రెండు వాడని పలకలు మా తెప్ప మీదికి తోయించింది, పడవ అటకలోవి. ఏడో వరసలో ఒకాయనకి చెయ్యి లేదట, రెండో వరసలో ఒకమ్మాయికి పాదం లేదట. రేడియోలో నా గొంతు విని అడిగారట. రేపట్నుంచి వాళ్ళు వస్తామన్నారు.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి. ఈశాన్య గాలి. అల చాలా పెద్దది.

తుపాను పట్టింది. శంఖం ఊదారు. ఊయలలన్నీ విప్పి కట్టేశాం. పిల్లల్ని మధ్య తెప్ప మీదికి చేర్చాం. వరసలో ఎవరు ఎలా ఉన్నారని రాయాలి: అప్పలకొండ వదిన రెండు చేతులకీ పగ్గం చుట్టుకుంది. అత్త తిడుతోంది, అంటే బాగుంది. అందరూ నిలబడ్డారు.

ఆయన గొంతు వినపడుతోంది, గాలిని మించి.

"పోలీ! రాసింది చాల్లే! పగ్గం మీద నా ముందు నీ చోటు ఖాళీగా ఉంది, రా!"